ఎదుటి కుర్చీ

నిజామాబాద్‌లో నాకు ఫోన్ల రిపేరు నేర్పిన అన్న, ఫోను సొంతదారు ఎదుటి కుర్చీలో కూర్చుంటే తప్ప స్క్రూ విప్పేవాడు కాదు. ముందు సిమ్ము, మెమరీ కార్డు తీసి వాళ్ల చేతికే ఇచ్చేవాడు.

ఒకరోజు మాక్లూర్ పసుపు రైతు ఒకాయన తన బిడ్డ ఫోను తెచ్చాడు.

"చేసి పెట్టు. మార్కెట్ యార్డుకు పోయొస్త."

"బిడ్డను తోలుకరా కాకా."

"రిపేరుకా, పెండ్లిచూపులకా?" రైతు నవ్వాడు.

అన్న నవ్వలేదు. "మా చెల్లె ఫోను గిట్లనే నేను ఓ దుకాణంల ఇచ్చి పోయిన. అండ్లకెల్లి ఫొటోలు తీసి ఊరంత పంపిండ్రు. చెల్లె మాకు దక్కలే."

రైతు కుర్చీ లాగాడు. "అయితే నేనే కూసుంట."

"నువ్వు గాదు కాకా. ఫోను ఆమెది."

రైతు ఫోను తీసుకుని పక్కనున్న ఇంకో రిపేరు దుకాణం మెట్లెక్కుతుంటే అన్న నిలబడి చూశాడు.