మోచేతికి తెలిసే వేడి

ఈ అత్తాపూర్ ఫ్లాట్‌లో గీజరుంది. అయినా పాప స్నానానికి నీళ్లు తోడితే బకెట్లో మోచెయ్యి ముంచి చూస్తాను. అది ఒక అవ్వ దగ్గర నేర్చిన అలవాటు.

పాప పుట్టినప్పుడు శంషాబాద్ దగ్గరి పల్లెలో కిరాయికుండేవాళ్లం. చలికాలం పొద్దున్నే అందరూ బకెట్లతో ఊరుమ్మడి కట్టెల బాయిలర్ దగ్గర చేరేవాళ్లు. బకెట్‌తో పాటు ఇంటికో కట్టె తేవాలి. ఎయిర్‌పోర్టులో పారేసిన పెట్టెల చెక్కలు మావారు తెచ్చేవారు. మంట చూసుకునే అవ్వ విసుక్కుంటూ వాటి మేకులు పీకేది.

కుళాయి తిప్పేముందు ప్రతివాళ్లనీ అడిగేది, "ఎవరికి బిడ్డా?" అని. పెద్దవాళ్లకని చెబితే అరచెయ్యి ముంచి ఇచ్చేసేది. పసిపిల్లలకని చెబితే మాత్రం చన్నీళ్లు కలిపి మోచెయ్యి ముంచేది.

"అరచెయ్యి కాయలు కాసింది, దానికేం ఎరుకైతది? మోచేతికైతే జర వేడున్నా తెలుస్తది" అనేది.

మరుసటి చలికాలం అవ్వ జారిపడి మంచం పట్టింది. ఆమెకు స్నానం చేయించే వంతు ఒకరోజు నాది. ఆ బకెట్‌కి కట్టె నేనిస్తానంటే నేనిస్తానని వరసలో అందరూ పోటీపడ్డారు. ఆమెను పీట మీద కూర్చోబెట్టి, అలవాటుకొద్దీ బకెట్లో మోచెయ్యి ముంచాను.

అవ్వ చురుగ్గా చూసింది. "ఏందది? నేనేమన్న పసిపిల్లనా?"

నేను చెయ్యి తియ్యలేదు.

"ఇగ జర చన్నీళ్లు కలుపు" అని, మెల్లగా వీపు నా వైపు తిప్పింది.