నిదియా తడుముకున్న మాట

మా వీధిలో నిదియాది వింత ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. సరిహద్దు ఊరైన మా లారెడోలో ఇంగ్లీషు వచ్చినవాళ్లకు కొదవ లేదు కానీ, మా వీధి ఆడవాళ్లలో చాలామందికి స్పానిష్ తప్ప మరొకటి రాదు. బ్యాంకుకైనా, బడికైనా, ఆసుపత్రికైనా వెళ్లాలంటే పక్కన నిదియా ఉండాలి. చిన్నప్పుడు మొదలైన చాకిరీ, నలభై దాటినా వదల్లేదు. వీధి మొత్తానికీ తలలో నాలుక. తన గురించి మాట్లాడుకోగా మాత్రం నేనెప్పుడూ వినలేదు.

వాళ్ల పక్కింట్లోనే నేను జుట్టు కత్తిరించే కొట్టు నడుపుతాను. మాటల తగువులన్నీ అక్కడే తీరేవి. ఒకసారి పైకప్పులు వేసే కాందిదో లబోదిబోమంటూ వచ్చాడు. మేస్త్రీ తనను ఇంగ్లీషులో ‘టఫ్’ అన్నాడట.

“తిట్టాడా, పొగిడాడా? అది చెప్పు చాలు.”

“ఎప్పుడన్నాడు? పనికి ముందా, తరవాతా?” అంది నిదియా.

“మిట్టమధ్యాహ్నం ఎండలో ఆఖరి రేకు కొట్టాక.”

“మొహం ఎలా పెట్టాడు?”

“నవ్వి భుజం చరిచాడమ్మా.”

నిదియా కళ్లు మూసుకుంది. మొండివాడు అనే మాటను పక్కన పెట్టింది. కఠినుడు అనే మాటనూ పక్కన పెట్టింది. “‘అగ్వాంతదోర్’ అన్నాడయ్యా. ఎంత కష్టమైనా ఓర్చుకునేవాడివని,” అంది. కాందిదో చాలాకాలం ఛాతీ విరుచుకుని తిరిగాడు. “మొండోడనే అనుంటాడు. నీ సంగతి మీ మేస్త్రీకి తెలీదా ఏంటి?” అని వాళ్లావిడ ఎత్తిపొడుస్తూనే ఉండేది.

మాటను అంత నేర్పుగా ఎంచే మనిషికి తన బతుకులో ఏదీ ఎంచుకునే వీల్లేకపోయింది. కారణం తల్లి, ఎర్మీలా. కూతురు ఎక్కడికి కదలబోయినా ఆవిడది ఒకటే పాట. “నువ్వెళ్తే నేను మూగదాన్నే కదా తల్లీ! నొప్పెక్కడని డాక్టరడిగితే ఎవరు చెప్తారు?” ఫోన్లో అనువాదం చేసే మనిషిని పెడతామని ఆసుపత్రివాళ్లు అన్నా ఒప్పుకునేది కాదు. “నా రోగం డబ్బాకి చెప్పుకోను,” అనేది. ఆ పాటకే ఒక మంచి సంబంధం తప్పిపోయింది. నాకు ఒళ్లు మండేది.

ఈ వసంతంలో నిదియా కోర్టు అనువాదకుల పరీక్ష పాసయింది. సాన్ ఆంటోనియో నగరంలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. తల్లి చూస్తే గోల చేస్తుందని పెట్టె సర్ది నా కొట్టులో దాచింది. ఈసారైనా బయటపడుతుందని నేను సంబరపడ్డాను. ఇంతలో తల్లి గుండె పరీక్షల ఫలితాలు చెబుతాం రమ్మని ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. కారు నాదే కాబట్టి నేనూ వెళ్లాను.

డాక్టరమ్మకు స్పానిష్ రాదు. కాగితాలు చూసి నిదియాతో ఇంగ్లీషులో చెప్పింది. “పరిస్థితి సీరియస్. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఆ తరవాత ఏడాది పాటు పక్కన మనిషి ఉండాలి. మీ అమ్మగారికి చెప్పండి.” నా కొట్టుకు తెల్లవాళ్లూ వస్తారు గనక ఆపాటి ఇంగ్లీషు నాకూ తెలుసు.

నిదియా తల్లివైపు తిరిగింది. ఆమె ముందున్న మాటలు కూడా నాకు తెలుసు. స్పానిష్‌లో ‘సేరియా’ అంటే మాకు ముందుగా గుర్తొచ్చేది మొహం బిగించుకున్న మనిషి. రోగానికి ఆ మాట వాడితే ఎర్మీలా లెక్కచెయ్యదు. ‘దెలికాదా’ అంటే సున్నితం. చావుకు దగ్గరైన మనిషిని కూడా మావాళ్లు ఆ మాటతోనే కప్పిపెడతారు. అలా చెబితే ఆవిడ ఇంటికెళ్లి కోడిపులుసు తాగి పడుకుంటుంది, నిదియా ఉద్యోగానికి బస్సెక్కవచ్చు. ‘గ్రావే’ అంటే ప్రాణం మీదికి వచ్చిందని. అది చెబితే ఆపరేషన్, ఏడాది, మళ్లీ ఆ ఇల్లు. ఆ మాట పలకాల్సింది తనే, దానికి కట్టుబడిపోయేదీ తనే.

డాక్టరమ్మ ఎదురుచూస్తోంది.

“అమ్మా, నీకు... దె...”

“గ్రావే,” అంది తల్లి. “ఆవిడన్నది గ్రావే తల్లీ. వెంటనే కొయ్యాలంది. ఏడాది మనిషి కావాలంది.”

నిదియా తల్లి మొహంలోకి చూసింది. “నీకు ఇంగ్లీషు వచ్చా?”

“చిన్నప్పుడు ఇంగ్లీషు పాఠాలు పైకి చదివేదానివి కదా. పక్కనే రొట్టెలు ఒత్తుకునేదాన్ని. నాకు చెవుల్లేవా?”

“మరి ఇన్నేళ్లూ ఎందుకు...”

“రాదంటేనే కదా నువ్వు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పేదానివి,” అంది ఎర్మీలా. ఆ గొంతులో బెరుకు లేదు.

నాకు ఆవిడ చెంప పగలగొట్టాలనిపించింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఏ తలుపు మూసి ఉందని నిదియా ఇన్నాళ్లూ లోపల కూర్చుందో, ఆ తలుపుకు గడియే లేదు. ఆ సంగతి, ఇప్పుడు ఈ జబ్బుతో నిజంగా గడియ పడ్డాక తెలిసింది.

డాక్టరమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. “ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నారా?” అని ఇంగ్లీషులో అడిగింది.

ఎర్మీలా ఏమడిగారో తెలియనట్టు కూతురివైపు చూస్తూ కూర్చుంది. నిదియా ఒక్కసారి నా వైపు చూసింది. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని, తల్లి చెయ్యి పట్టుకుని, ఆ ప్రశ్నను స్పానిష్‌లో చెప్పింది.