స్వర్ణలతకు మహిపాల్ పెట్టిన సెలవు

ఆ బుధవారం మహిపాల్ ఒకే డ్రమ్ముకు రెండు పసుపు లేబుళ్లు అంటించాడు. నాచారంలో ఓ మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చాలా ఏళ్లుగా అదే పని చేస్తున్న మనిషి. లారీ దిగిన ప్రతి డ్రమ్ముకూ ముందు పసుపు లేబుల్ పడాలి. ల్యాబు వాళ్లు పరీక్ష చేసి చెప్పేదాకా దాన్ని తాడు కట్టిన గదిలో విడిగా ఉంచుతారు. ఎవరూ మూత తీయరు, ఎవరూ కదపరు.

"ఏంది మహిపాల్, ఒక్క డ్రమ్ముకు ఎన్ని బొట్లు పెడ్తవ్?" అన్నాడు సూపర్‌వైజర్.

"దోమలు సార్. రాత్రి నిద్ర లేదు."

దోమలు కావు. ఆ ఉదయమే ఉప్పల్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో అతని భార్య స్వర్ణలత మెడలో సన్నటి సూది గుచ్చి పరీక్షకు నమూనా తీసుకున్నారు.

పోయిన నెలలో ఆమె బడి నుంచి వచ్చి, సీసా ఎత్తి నీళ్లు గొంతులో పోసుకుంటోంది. గొంతుకు ఎడమ పక్కన రేగుపండంత గడ్డ ఒకటి పైకీ కిందికీ ఆడటం మహిపాల్ కంటబడింది.

"మళ్ల తాగు," అన్నాడు.

"దూప తీరింది."

"తీరినా తాగు."

సీసా ఖాళీ అయ్యేదాకా తాగించి మరీ చూశాడు. స్కానింగ్ చేసిన డాక్టరు అది థైరాయిడ్ గడ్డ అన్నాడు. ఇలాంటివి ఎక్కువ శాతం ఏమీ చేయవని, అయితే దీని వాలకం తనకు అంతగా నచ్చలేదని, క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి సూది పరీక్ష చేయించమని చెప్పాడు. ఇన్ని మాటల్లో మహిపాల్ చెవిన పడ్డది క్యాన్సర్ ఒక్కటే. బుధవారం సూది పరీక్ష అయ్యాక, రిపోర్టు సోమవారం వస్తుందన్నారు.

సోమవారం దాకా ఏం చేయాలో అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే ఉంది. దాన్నే ఇంట్లోనూ అమలు చేశాడు. చిలుకానగర్‌లో వాళ్లది మొదటి అంతస్తు అద్దె ఇల్లు. నీళ్ల బకెట్ ఎత్తొద్దన్నాడు. మెడ తిప్పొద్దన్నాడు. ఆమె తుమ్మితే పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. కీసరలో ఉండే తల్లికి చెప్పలేదు, తోడబుట్టినవాళ్లకు చెప్పలేదు. గురువారం పొద్దున్నే భార్యకు మాట మాత్రం చెప్పకుండా ఆమె పనిచేసే బడికి ఫోన్ చేశాడు. స్వర్ణలత ఆ బడిలో రెండో తరగతి టీచరు.

"మా అమ్మకు మస్తు సీరియస్ ఉంది మేడం. స్వర్ణ సోమవారం దాక రాదు," అని హెడ్‌మిస్ట్రెస్ రాజశ్రీకి చెప్పేశాడు. ఆ జబ్బు పేరు నోట్లోంచి బయటపడితే ఎక్కడ నిజమవుతుందోనని భయం. తల్లి పేరు చెప్పడానికి ఆ భయం లేకపోయింది.

స్వర్ణలత చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుని గుమ్మం దాకా వచ్చాక విషయం బయటపడింది.

"నన్నడగకుంట నా బడికి ఎట్ల ఫోన్ జేసినవ్?"

"జర రెస్ట్ తీసుకో."

"దేనికి? కాలిరిగిందా నాకు? ఇంట్ల ఒక్కదాన్నే గూసుంటే గదే యాదికొస్తది. పోరగాళ్ల లొల్లిల ఉంటే రోజెట్లనో గడుస్తది."

"సోమవారం దాక ఓపికవట్టు స్వర్ణా."

"నేనేమన్న నీ స్టోర్స్‌ల డ్రమ్మునా, తాడు గట్టి పెట్టనీకి?"

మహిపాల్ బండి తాళాలు తీసుకుని బయటపడ్డాడు. ఆమె బడికి వెళ్లలేకపోయింది. అత్త చావుబతుకుల్లో ఉంటే కోడలు బడికి ఎలా వచ్చిందని నలుగురూ అడుగుతారు.

ఆమెను కదలొద్దన్న మనిషి తాను మాత్రం ఒక్కచోట నిలవలేదు. శుక్రవారం డ్యూటీకి ముందు డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లాడు. "మండే అని చెప్పినం కదన్నా," అంది కౌంటర్‌లో అమ్మాయి. శనివారం మళ్లీ వెళ్లాడు. ఈసారి ఆమె తలెత్తకుండానే "మండే" అంది. నాచారంలో టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్‌లో థైరాయిడ్ గురించి చదివాడు. ఒక చోట ఏమీ కాదని ఉంది, దాని కిందే భయపెట్టే బొమ్మలున్నాయి. టీ సగంలో వదిలేసి బండెక్కాడు. ఉప్పల్ రింగురోడ్డు దాకా వెళ్లి, అక్కడ తనకు పనేమీ లేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నం తల్లి లక్ష్మీనర్సమ్మ చెప్పాపెట్టకుండా కీసర నుంచి దిగింది. సంచి నిండా చిక్కుడుకాయలు తెచ్చింది. కోడలు బకెట్ ముట్టకపోవడం చూసి, అలకేమో అనుకుని ఏమీ అడగలేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మూటగట్టి మేడ మీదికి మోసుకెళ్లి ఉతకడం మొదలుపెట్టింది.

సాయంత్రం రాజశ్రీ వచ్చింది. ఒక చేతిలో కొబ్బరిబోండాలు, ఇంకో చేతిలో యాపిల్ పండ్ల కవరు. తలుపు తీసిన మహిపాల్ అడ్డం తొలగడం మరిచిపోయాడు.

"అమ్మగారికి ఎలా ఉందండీ? ఐసీయూలో ఉంచారా, ఇంటికి తీసుకొచ్చేశారా?"

అప్పుడే తడి దుప్పటి భుజాన వేసుకుని లక్ష్మీనర్సమ్మ మెట్లు దిగి వచ్చింది.

"ఎవలమ్మా నువ్వు?"

"స్వర్ణలత బడి నుంచండీ. వాళ్ల అత్తగారికి సీరియస్‌గా ఉందంటే చూసి వెళదామని వచ్చాను."

"ఆ అత్తను నేనే. నాకేమైందంట?"

రాజశ్రీ బోండాల వంక చూసుకుంది. మహిపాల్ చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"యాడికి వోతున్నవ్‌రా? ఆగు. ఏ దవాఖాన్ల పండవెట్టినవ్ నన్ను?"

లోపల స్వర్ణలతకు నవ్వాగలేదు. నవ్వుతూనే బయటికి వచ్చింది. తర్వాత మాట మాత్రం మామూలుగానే చెప్పింది.

"అత్తమ్మకేం కాలేదు మేడం. నాకే. గొంతుల గడ్డ లేసింది. క్యాన్సరా కాదా రేపు జెప్తరంట. ఈనకు భయమైతుంది, నన్ను ఇంట్ల గూసోవెట్టిండు."

దుప్పటి నుంచి నీళ్లు గచ్చు మీద కారుతున్నాయి. లక్ష్మీనర్సమ్మ దాన్ని కుర్చీ మీద పడేసి, తడి బొటనవేలితో కోడలి మెడ తడిమింది.

"మింగు బిడ్డా."

స్వర్ణలత మింగింది.

"నొస్తుందా?"

"లేదత్తమ్మా."

"మరి గింత ముచ్చట నాకు జెప్పనీకి ఏమడ్డమొచ్చిందిరా నీకు?"

"నువ్వు పరేషానైతవని..."

"ఇప్పుడు గాలేదా?"

రాజశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా అక్కకీ ఇలాంటి గడ్డే తీసేశారండీ. ఆవిడకు క్యాన్సరే. తీసి ఎనిమిదేళ్లయింది. రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, మమ్మల్నందర్నీ తిడుతూ తిరుగుతుంది." తర్వాత స్వర్ణలత వైపు తిరిగింది. "రేపు రిపోర్టు ఎన్నింటికి?"

"సాయంత్రం మేడం."

"అయితే పొద్దున బడికి వచ్చెయ్. నీ రెండో తరగతి నా బుర్ర తినేస్తోంది."

మహిపాల్ నోరు తెరవబోయి తల్లి చూపు చూసి ఆగిపోయాడు. లక్ష్మీనర్సమ్మ యాపిల్ కవరు దగ్గరికి లాక్కుంది. "నాకు తెచ్చిన్రు గదా, నేనే తింట. కత్తి తేపోరా."

సోమవారం స్వర్ణలత బడికి వెళ్లింది. సాయంత్రం ఇద్దరూ రిపోర్టు తీసుకుని డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు.

"ఉన్నదా లేదా ఒక్క మాట చెప్పున్రి సార్," అన్నాడు మహిపాల్.

"ఆ ఒక్క మాటే ఇప్పుడు చెప్పలేనండీ. ఈ రకం గడ్డ సూది పరీక్షకు తేలదు. థైరాయిడ్‌లో ఎడమ సగం తీసి, గడ్డ మొత్తాన్ని పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. చాలామందికి క్యాన్సర్ ఉండదు. కొందరికి ఉంటుంది."

మహిపాల్ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "అయితే రేపే చేయున్రి."

"గొంతు పోతదా సార్?" అని అడిగింది స్వర్ణలత. "పిల్లలకు పాఠాలు చెప్పాలె నేను."

గొంతు నరం గడ్డకు దగ్గరగానే ఉంటుందని, కొన్నాళ్లు బొంగురు పోవచ్చని, అలాగే ఉండిపోవడం అరుదని డాక్టరు చెప్పాడు. ఆమె వేళ్లు మడిచి లెక్క వేసుకుంది.

"పిల్లల పరీక్షలు పద్నాలుగున అయిపోతయి. అందాక ఆగితే ఏమన్న అయితదా?"

"రెండు వారాలకు ఏమీ కాదు."

మహిపాల్ ఆమె వైపు చూశాడు. అతని కాళ్లు ఆగకుండా ఊగుతున్నాయి. అయినా ఫోన్ తీసి పద్నాలుగో తారీకు గుర్తు పెట్టుకున్నాడు.

ఆపరేషన్ పందొమ్మిదో తారీకు, గురువారం. పొద్దున ఆరింటికి పరగడుపున రమ్మన్నారు. తీసిన గడ్డ రిపోర్టుకు మరో పది రోజులు పడుతుంది.