చిన్నమ్మ ఫోన్ చేయదు

చిన్నమ్మ పంపిన తొమ్మిది వాయిస్ మెసేజీలను నేను పదకొండు రోజులు వినకుండా అట్టేపెట్టాను. సాకులు వెతికితే బోలెడు దొరుకుతాయి. అన్నీ వాడేశాను కూడా.

మావి సముద్రం మధ్య ద్వీపాలు. నేనుండేది డాలీగంజ్‌లో. ఆవిడ ఇల్లు హార్బరుకి అవతల, హోప్ టౌన్‌లో. బోటెక్కితే ఎంతోసేపు పట్టదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఎండుచేపలమ్మి చదివించింది. ఆవిడకి రాయడం రాదు. హిందీ బడిలో చదివిన నాకు తెలుగు అక్షరాలు చాలా ఆలస్యంగా పట్టుబడ్డాయి. అందుకే మా ఉత్తరాలన్నీ గొంతుతోనే నడిచాయి.

ఆ రోజుల్లో నా ఫోన్‌లో చూడని మెసేజీలు నాలుగు వందలు దాటి ఉండేవి. ఆఫీసు గ్రూపులో పెద్దసారు ఆదివారం కూడా ఊరుకునేవాడు కాదు. వీధి నీళ్ల గ్రూపులో రోజూ ఒకటే పంచాయితీ, ట్యాంకు ఎవరు ఖాళీ చేశారని. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఇవి కాక షిప్పు టికెట్ల గ్రూపు, పాత క్లాసు గ్రూపు, తెల్లారగానే గులాబీలు పంపే బంధువులు. ఒకటి తెరిస్తే పది వచ్చి పడేవి. టింగుమంటే చాలు, ఎవరో తలుపు బాదుతున్నట్టుండేది. ఫోన్‌ని బోర్లించి టేబుల్ సొరుగులో పడేసేదాన్ని. అది సొరుగులో కూడా గొణిగేది. ఒక్కోసారి బాత్రూంలోకి పోయి ఏడ్చిన మాట నిజం.

ఆ గోలలోనే చిన్నమ్మ గొంతూ ఉండేది. ఆవిడ మాట మూడు నిమిషాలకి తగ్గదు. చేపల దగ్గర మొదలెట్టి పక్కింటి మేకదాకా వెళ్తుంది. అలాంటిదాన్ని హడావుడిగా వినకూడదు, ఆదివారం తీరిగ్గా వినాలి అనుకున్నాను. గులాబీలకి మాత్రం వెంటనే దణ్ణాలు పెట్టాను, వాళ్లు అలుగుతారని. చిన్నమ్మ అలగదు కదా. ఆదివారం వచ్చింది. నిద్రపోయాను.

ఇంకో ధీమా కూడా ఉండేది. ద్వీపాల్లో నెట్ నత్తనడక నడిచిన కాలంలో ఒక వాయిస్ మెసేజ్ దిగేలోపు అన్నం ఉడికేది. అప్పటినుంచీ మా అందరికీ ఒకటే సూత్రం. అర్జెంటైతే ఫోన్ చేస్తారు.

చిన్నమ్మ ఫోన్ చేయదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కొత్తల్లో మావాళ్లందరికీ కలిపి గోల్ ఘర్‌లో ఒక కొట్టు ఫోనే దిక్కు. దేశం నుంచి, అంటే తాతలు వదిలొచ్చిన ఊళ్ల నుంచి, అది మోగిందంటే అక్కడ ఎవరో పోయినట్టే. షిప్పెక్కి వెళ్లేసరికి అంతా అయిపోతుంది, అయినా కబురు చెప్పాలి కాబట్టి చేసేవారు. కొట్టువాడు పిలవడానికి వస్తుంటేనే ఆడవాళ్లు ఏడుపు మొదలెట్టేవారట. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా చిన్నమ్మ ఎవరికీ రింగ్ ఇచ్చేది కాదు. “గంట కొడితే సావు కబురేనే అమ్మీ. మంచీ సెడ్డా మెసేజీలో సెప్పుకుందుము” అనేది. నేను నవ్వేదాన్ని.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ మోగింది. చిన్నమ్మ పక్కింటామె.

“దీదీ, బేగీ రండి. పెద్దామె లెగట్నేదు. ఊపిరి కూడా నేదు.”

బోటులో కూర్చుని సంచిలోంచి ఇయర్‌ఫోన్లు తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మొదటిదాంట్లో ఆవిడ కులాసాగానే ఉంది. “ఓలమ్మీ, కానాగడత సేపలు అట్టుకొచ్చినారు. నీ వాటా ఉప్పేసి దాసినాను. ఫుర్సత్ సూసుకుని రా.” మూడోదాంట్లో, “కాళ్లు పొంగిపోనాయే. సెప్పులు పట్టట్నేదు.” అయిదోదాంట్లో, “ఆస్పత్రికి ఎల్లాల. ఆ పర్చీ సీటీల లైన్లో ఒక్కదాన్నీ నిల్సోలేను. నువ్వొస్తే ఇద్దరం ఎల్దుము. జల్దీ ఏటీ నేదు, నీ పని సూసుకునే రా.” ఏడోదాంట్లో మాటకీ మాటకీ మధ్య ఆయాసం. అందులో కూడా పక్కింటి మేక ఈనిన సంగతి చెప్పింది.

నా ఎదురుగా ఎవరో బోటులోకి ఎక్కించిన స్కూటరుని ఆనుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. నేను పైకే ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ఒక్క రోజు సెలవు పెడితే సరిపోయేది. లైన్లో నేను నిలబడేదాన్ని, ఆవిడ బెంచీ మీద కూర్చునేది.

జెట్టీ దగ్గరపడుతుండగా తొమ్మిదోది మొదలైంది. ముందురోజు పొద్దున్న పంపింది. ఎన్నడూ లేనిది, చాలా చిన్నది.

“అమ్మీ, నిన్న నీకు ఫోన్ సేద్దావనుకున్నాను. నంబరు కూడా తీసినాను. మళ్లీ ఆఫీసులో ఉంటావు, గంట మోగితే నీ గుండె జారిపోద్దని మానీసినాను. భయపడతావు కదేటి.”

భయపడేదాన్నే చిన్నమ్మా. భయపడి, ఎక్కడ పని అక్కడ పడేసి, ఇదే బోటు ఎక్కేదాన్ని.