సుగుణమ్మ టీచరు గారి ఉప్పు నేల పెరడు

1998 వేసవి. కొత్తపేట నుంచి అమలాపురం వెళ్లే దారిలో మాకొక చిన్న నర్సరీ ఉండేది. ముప్పావు ఎకరం స్థలం, కొబ్బరాకుల పందిళ్లు, వాటి కింద వరసలుగా నల్ల సంచుల్లో మొక్కలు. నాన్నగారి తర్వాత నేను చూసుకోవడం మొదలుపెట్టి అప్పటికి పదేళ్లు. అంటు కట్టడంలో నా చెయ్యి తిరిగిందని చుట్టుపక్కల పేరొచ్చింది. ఆ పేరుతో పాటు కాస్త పొగరు కూడా వచ్చిందని తెలుసుకోవడానికి నాకు సుగుణమ్మ గారు ఎదురు కావలసి వచ్చింది.

ఆవిడ ప్రైమరీ స్కూల్లో హెడ్ మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. భర్త దానియేలు గారు పోస్టుమాస్టరుగా చేశారు. ఐ.పోలవరం దగ్గర ఒక పల్లెలో వాళ్ల కాపురం. తుఫానుకి పాత ఇల్లు కూలిపోతే, ఊరి చివర ఎనిమిది సెంట్ల స్థలం కొని, మట్టి తోలించి మెరక చేయించి, కొత్తగా డాబా కట్టుకున్నారు. చుట్టూ ఒక్క చెట్టు లేదు. అందుకని అంతకు ముందు ఏడాది వానాకాలంలో మొదటిసారి మా నర్సరీకి వచ్చారు.

"ఏ పళ్లంటే ఇష్టమండీ?" అని అడిగాను. అప్పట్లో ఎవరొచ్చినా నేనడిగే ప్రశ్న అదొక్కటే.

"మా వారికి మామిడండి. నాకు బత్తాయి," అన్నారావిడ.

రెండు బంగినపల్లి అంట్లు, ఒక బత్తాయి ఇచ్చి పంపాను. మూడు నెలలకి ఆ మూడూ ఎండిపోతే, వాటినే సంచీలో పెట్టుకుని ఆవిడ బస్సెక్కి వచ్చారు. ఆకుల అంచులు కాల్చినట్టు మాడిపోయి ఉన్నాయి. పెద్దగా చూడకుండానే, "నీళ్లు తక్కువైనట్టున్నాయండి," అని వేరే మూడు ఇచ్చాను. చలికాలం దాటేసరికి అవీ పోయాయి. మళ్లీ సంచీ, మళ్లీ బస్సు. మళ్లీ అంచులు మాడిన ఆకులు.

ఆ రోజు నర్సరీ నిండా జనం. కడియం నుంచి మొక్కల లోడు దిగుతోంది. ఆవిడ సంచీ నేల మీద పెట్టి, "ఇవీ బతకలేదండి," అన్నారు. నేను నవ్వుతూ, నలుగురూ వినేలా, "ఏం చేస్తామండీ టీచరు గారూ, కొందరి చేతికి మొక్క రాదు," అన్నాను.

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. రెండు చేతులూ ఒకసారి చూసుకున్నారు. "ముప్పయ్యేళ్లు ఊళ్లో పిల్లల్ని పెంచిన చేతులండి ఇవి," అని మాత్రం అని, మొక్కలు అడక్కుండానే వెళ్లిపోయారు.

ఆ మాట ఆ రోజు నాకు పెద్దగా తగల్లేదు. పదిహేను రోజుల తర్వాత దానియేలు గారు ఒక్కరే వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. మాటలో చమత్కారం ఎక్కువ.

"ఏవండీ, మా ఇంట్లో ఒక తగువు వచ్చిందండి. మీరు తీర్చాలి," అన్నారు కుర్చీలో కూర్చుంటూ. "ఆ ఇంట్లో మధ్యాహ్నం రెండైతే గోడలు పెనంలా కాలతన్నాయి. నీడ లేని చోట మనకెందుకు, ఇల్లు అద్దెకిచ్చి అమలాపురం పోదామని నేనంటన్నాను. ఒక్క చెట్టు నిలబడితే చాలు, ఉండిపోదామని ఆవిడ అనేవారు. ఇప్పుడు ఆవిడే పోదామంటన్నారండి."

"అదేంటండీ?"

"మీరేదో అన్నారట కదా. అప్పట్నించి పక్కింటివాళ్లు ఊరెళ్తూ వాళ్ల తులసి కోటకి నీళ్లు పొయ్యమని చెప్పెళ్లినా, 'నా చేత్తో వద్దు, మీరు పొయ్యండి' అని నన్ను పంపుతున్నారు. నేను గెలిచేసినట్టే గానీ, ఇలా గెలవడం నాకు బాగోలేదండి."

ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల వంగిపోయింది. ఆరు మొక్కలు ఒకే తీరున చస్తే, ఆ తీరేమిటో చూడవలసిన వాణ్ణి నేను. చూడకుండా నింద ఆవిడ చేతుల మీద పెట్టాను. మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద బయల్దేరాను.

పెరట్లో అడుగు పెట్టగానే సగం అర్థమైంది. మట్టి పైన అక్కడక్కడా తెల్లటి పొర, పలచగా సున్నం చల్లినట్టు ఉంది. గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

"మెరక చెయ్యడానికి మట్టి ఎక్కణ్ణించి తోలించేరండీ?" అని దానియేలు గారిని అడిగాను.

"పక్కనే రొయ్యల చెరువు తవ్వుతున్నారండి. మట్టి ఊరికే తీసుకెళ్లమంటే ట్రాక్టర్లు పెట్టి తోలించేను."

సుగుణమ్మ గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. నేను ఆవిడ దగ్గరికి వెళ్లి, "టీచరు గారూ, మీ చేతిలో ఏ దోషమూ లేదండి. ఇది ఉప్పు మట్టి. మామిడి గానీ బత్తాయి గానీ దీన్ని ఓర్చుకోలేవు. ఆకు అంచు మాడిందంటేనే ఉప్పని నాకు తెలియాలి. మొదటిసారే చూసి చెప్పవలసింది. ఆ రోజు అన్న మాట తప్పండి," అన్నాను.

"ఉప్పా?" అన్నారావిడ, ముందు ఆ మాటనే పట్టుకుని. తర్వాత భర్త వైపు తిరిగి, "ఊరికే వచ్చిందని తోలించేరు కదా!" అన్నారు. దానియేలు గారు వెంటనే ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు ఊపిరి ఆడింది.

నాలుగు మూలల నుంచీ మట్టి తీసి భూసార పరీక్ష కేంద్రంలో ఇచ్చాను. ఈ.సీ. అని ఒక కొలత ఉంటుంది. మట్టిని నీళ్లలో కలిపి, ఆ నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూస్తారు. ఉప్పు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత బాగా పారుతుంది. కాగితం నా చేతికిస్తూ అక్కడి ఉద్యోగి, "ఈ నేలలో మామిడి పెట్టమన్న మహానుభావుడు ఎవరండీ?" అన్నారు. "నేనేనండి," అన్నాను. ఆయన దగ్గి, ఇంకో కాగితం వెతుక్కున్నారు.

ఈసారి పెరడు అంతా తిరుగుతూ ప్రశ్నలడిగాను. వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? వంటింటి నీళ్లు ఎటు పోతాయి? పడమటి ఎండ ఏ గోడ మీద పడుతుంది? బావి నీళ్లు ఏ నెలలో ఉప్పగా మారతాయి? దానియేలు గారు ఒకటికి జవాబు చెప్పేలోపు సుగుణమ్మ గారు మూడు చెప్పేవారు. ఆఖరికి నోటు పుస్తకం తెచ్చి పెరడు బొమ్మ గీశారు. నీళ్లు నిలిచే మూలకి నీలం పెన్సిలు, ఎండ గోడకి ఎర్ర పెన్సిలు.

దాన్ని చూసి నేను పేర్లు చెప్పాను. ఎండ గోడ వైపు సీమచింత. మధ్యలో సపోటా, అదీ పాల చెట్టు రూట్ స్టాక్ మీద కట్టినది. రూట్ స్టాక్ అంటే అంటుకి కాళ్లు. పైన కాసే కొమ్మ సపోటాది, కింద వేళ్లు పాల చెట్టువి. ఆ వేళ్లు మొండివి, ఉప్పుకీ ఎండకీ జంకవు. ప్రహరీ పక్కన అంటు రేగు. నీళ్లు నిలిచే మూల నేరేడు. వంటింటి వెనక జామ.

సుగుణమ్మ గారు పెన్సిలు పక్కన పెట్టేశారు.

"రేగూ, సీమచింతా, నేరేడూనా అండీ?" అన్నారు మెల్లగా. "మా చిన్నప్పుడు మా అమ్మ కోతలకి వెళ్తే, గట్ల మీద మేం ఏరుకు తిన్న కాయలండి ఇవి. సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా అవేనా?"

ఆవిడ అడిగింది చెట్ల సంగతి ఒక్కటే కాదు. దానియేలు గారు కూడా ఆకాశం వైపు చూడలేదు ఈసారి.

"అందుకేనండి చెప్తున్నాను," అన్నాను. "ఆ గట్ల మీద వాటికి ఎవరు నీళ్లు పోసేరండీ? ఎవరు ఎరువేసేరు? అయినా కాసేయి కదా. నేను అమ్మే మొక్కల్లో వాటికున్న సత్తా దేనికీ లేదు. మామిడి కావాలంటే కొనుక్కోవచ్చు. నీడ కొనుక్కోలేం కదండీ."

ఆవిడ బొమ్మని దగ్గరికి లాక్కున్నారు. తర్వాత పెన్సిలు తీసుకుని, ప్రహరీ పక్కన ఒక చిన్న గుండ్రం చుట్టి, లోపల 'రేగు' అని రాశారు. "ఆయ్, పెట్టండి చూద్దాం," అన్నారు.

వెంటనే పెట్టనివ్వలేదు నేను. పెరడంతా జీలుగ చల్లించాను, ఉప్పు నేలని బాగుచేసే పచ్చిరొట్ట పైరది. వానలకి అది నడుం ఎత్తు పెరిగాక మట్టిలో కలిపి దున్నించాం. రెండు నెలల వానలు ఉప్పుని కిందికి కడిగాయి. గోతుల బదులు మోకాలెత్తు దిబ్బలు వేయించి, అడుగున కొబ్బరి డొక్కలు పరిపించాను. డొక్క తడిని పట్టుకుంటుంది, కింది ఉప్పుని పైకి రానివ్వదు. మంచి మట్టి మాత్రం ఊరికే వచ్చేది కాకుండా, పొలం నుంచి కొని తెప్పించమని దానియేలు గారికి చెప్పాను. ఆయన దండం పెట్టారు.

నాటే రోజు మొక్క సంచీ చింపి చేతికిస్తుంటే సుగుణమ్మ గారు వెనక్కి తగ్గారు. "మీరే పెట్టండి, మీది తిరిగిన చెయ్యి," అన్నారు.

"నేను పెడితే నిలబడినా మీకు అనుమానం పోదండి," అన్నాను. "మీరే పెట్టాలి. నేను పక్కన కూర్చుంటాను."

ఆవిడ కొంగు నడుముకి దోపుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకుండా పైకి ఉండాలని చెప్తే, వేలితో రెండుసార్లు కొలిచి చూసుకున్నారు. అయిదు మొక్కలకీ ఆవిడే మట్టి నొక్కారు. దానియేలు గారు చెంబుతో నీళ్లు అందిస్తూ, "అమలాపురంలో ఇల్లు చూడమని చెప్పిన ఆయనకి ఏం చెప్పమంటారు?" అన్నారు. "ఆగమనండి," అన్నారావిడ తల ఎత్తకుండా.

అన్నీ నిలిచాయని చెప్తే అబద్ధం. మరుసటి వేసవికల్లా జామ పోయింది. ఆ కబురు నాకు సుగుణమ్మ గారు రాసిన కార్డు మీద వచ్చింది. "జామ పోయినది. కారణం: వంటింటి నీళ్లలో సబ్బు, ఉప్పు కలిసి అక్కడే ఇంకుతున్నవి. నేల గట్టిపడినది. మా తప్పు సగం, మీ తప్పు సగం. మిగిలిన నాలుగూ కులాసా." కార్డు చదివి నేను పెద్దగా నవ్వాను. నిజమే, వంటింటి నీళ్లు ఎటు పోతాయని అడిగాను గానీ, వాటిలో ఏం కలుస్తుందో అడగలేదు. ఆవిడ బాధపడలేదు, ఎవరి చేతినీ తప్పు పట్టలేదు. కారణం వెతికారు. కాలవ మళ్లించి, దిబ్బ ఎత్తు చేసి, ఇంకో జామ నాటారు. అది నిలిచింది.

రేగు ఏడాదిన్నరకే కాసింది. కోడిగుడ్డంత కాయలు. గట్ల మీది రేగు అంత ఎప్పుడూ కాయదు. సీమచింత మూడేళ్లకి పడమటి గోడ మీద ఎండ పడకుండా కప్పేసింది. మధ్యాహ్నం దానియేలు గారు మడతమంచం దాని కింద వేసుకుని పేపరు చదివేవారు. సపోటా 2002లో మొదటి కాపు ఇచ్చింది. నేరేడు మాత్రం తొందరపడలేదు. దాని కింద వానకి నీళ్లు నిలిచినప్పుడు కూడా నిశ్చింతగా పెరుగుతూ ఉండేది.

వాళ్ల పెరడు చూసి చుట్టుపక్కలవాళ్లు ఆవిడ దగ్గరికి రావడం మొదలైంది. చెరువుల మట్టితో మెరక చేసుకున్న ఇళ్లు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. సుగుణమ్మ గారు ఒక్కొక్కళ్ల పెరడుకీ బొమ్మ గీసి, నీలం ఎరుపు రంగులు వేసి, ఆ కాగితం చేతికిచ్చి నా దగ్గరికి పంపేవారు. ఎయిర్ లేయరింగ్ నేర్పమని ఒకసారి నర్సరీకి వచ్చారు. చెట్టు మీద ఉండగానే కొమ్మకి బెరడు ఒలిచి, తడి నాచు కట్టి, అక్కడే వేళ్లు పుట్టించడం అది. ఒక్క పూటలో నేర్చుకున్నారు. తర్వాత ఆవిడ కట్టిన జామ అంట్లు ఆ పల్లెలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో నేను లెక్క చూడలేదు.

2004 వానాకాలంలో అటు పని మీద వెళ్లి వాళ్లింటికి వెళ్లాను. వీధిలోని ఇద్దరు ఆడవాళ్లు పెరట్లో ఆవిడ చుట్టూ నిలబడి ఉన్నారు. ఒకావిడ ఎండిన దానిమ్మ మొక్క పట్టుకుని, "నా చెయ్యి మంచిది కాదేమోనండి," అంటోంది. సుగుణమ్మ గారు ఆ మొక్కని అందుకుని, వేళ్లకున్న మట్టి విదిలించి వాసన చూశారు. "చెయ్యి సంగతి తర్వాత. నీళ్లు ఎక్కడ పోస్తన్నావో చూపించమ్మా, పద," అని ఆవిణ్ణి ముందు పెట్టుకుని వాళ్ల పెరడు వైపు నడిచారు. నన్ను చూసి, "కూర్చోండి, ఇప్పుడే వస్తాను," అన్నారు.

దానియేలు గారు మంచం మీద జరిగి నాకు చోటిచ్చారు. "కూర్చోండి. ఆవిడ ఇప్పుడే రారు," అన్నారు.

ఈ వృత్తిలో అంటు కట్టడం నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. మొక్క ఇచ్చే ముందు ఏం అడగాలో సుగుణమ్మ గారి పెరట్లో నేర్చుకున్నాను. ఏ పండు ఇష్టమో అందరూ చెప్తారు. ఆ నేల దేన్ని ఓర్చుకుంటుందో అడిగి, మట్టి పట్టుకుని, వాన నీళ్ల దారి చూసి తెలుసుకోవాలి. చెట్టు ఎండిపోతే దాని కారణం మట్టిలోనో నీళ్లలోనో మన తెలియనితనంలోనో ఉంటుంది. మనిషిలో వెతికితే దొరకదు. వెతికినవాడు మాత్రం ఒక మంచి మనిషిని బాధపెడతాడు. ఆ పాపం ఒకసారి చేశాను కాబట్టి చెప్తున్నాను.

ఆ రోజు ఆవిడ తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది. అంతసేపూ నేనూ దానియేలు గారూ సీమచింత నీడలో కూర్చుని సపోటాలు తిన్నాం.