బతికున్న చెల్లెకు పెత్రమాస బియ్యం

పెత్రమాస నాడు సచ్చిపోయినోళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చుడు మా దిక్కు ఇంటింటి రివాజు. నన్ను గన్న మా అవ్వ తన చెల్లె పేరు మీద ఏటా ఇచ్చేది. కాన్పుల పిల్ల పోయినంక చిన్నవ్వ మాట్లాడుడు బందు జేసిందట. అవ్వోళ్ల బాపు, మా తాత, దవాఖానల చూపిస్తనని తోల్కపోయి, ఒక్కడే తిరిగొచ్చిండు. జరమొచ్చి పోయింది, అక్కడనే కాలవెట్టి వచ్చిన అన్నడు. దినాలు జేస్తే ఊరంత వచ్చి తిన్నది. నేనూ తిన్న, చిన్నదాన్ని.

హుజూరాబాద్ తొవ్వల పిచ్చి దవాఖాన మూతవడి చానేండ్లయింది. తొంభైలల్ల దాన్ని కూలగొడ్తమన్నరు. కూలకముందే దాని ముచ్చట్లు టేపుల జమ జేద్దామని మేము కొందరం బయలెల్లినం. అండ్ల ఉన్నోళ్లను, పనిజేసినోళ్లను ఓ దినం ఆ వరండలకే పిలిచినం. సగం మంది చాయికే వచ్చిండ్రు. చూస్తా పా అని అవ్వ గూడ నా ఎంబడి వచ్చింది.

అండ్లనే ఉండి, కొడుకు తోల్కపోతే బయటపడ్డ ముసలామె ఒకామె మాట్లాడింది. పక్క మంచం మీద ఒక పిల్ల ఉండేదట. చేతి మీద అక్క పేరు పచ్చబొట్టు ఉండెనట. ఆ పేరు జెప్పింది. అది మా అవ్వ పేరు. జాతరల అక్కచెల్లెండ్లు ఒకల పేరు ఒకలు పొడిపిచ్చుకున్నరు. అవ్వ తన చెయ్యి ముందటవెట్టింది.

ముసలామె ఆ చెయ్యి పట్టుకొని చెప్పింది: "పెత్రమాస నాడు ఆ పిల్ల బువ్వ ముట్టకపోతుండె. ఆ ఒక్కనాడే నోరు తెరిచి, 'సచ్చినవని ఊర్లె చెప్తనని మా బాపు పోవుకుంట నాతోనే అన్నడు, ఇయ్యాల మా అక్క నాకు బియ్యమిస్తది, నా బువ్వ గదే' అనేది."

ఇంట్ల పిచ్చిదున్నదంటే కొడుకులకు పిల్లనెవరియ్యరని తాత చేసిన పని. ఆయన మంచోడని ఊరంత ఇంకా అంటది, నాకైతే ఒళ్లు మండుతది. ఇంటి నుంచి బస్సుల గంట తొవ్వ గది!

దవాఖాన మూసిన్నాడు మిగిలినోళ్లను వ్యాన్ల ఎక్కిచ్చి ఏటో కొంటవోయిండ్రట. ఏటని మేము అడుగని ఆఫీసు లేదు. ఎవ్వలకు ఎరుకలే.

ఆ ఏడు పెత్రమాసకు, ఎన్నడో పోయిన తాత పేరు మీద ఇయ్యకని నేను అవ్వతోని అన్న. అవ్వ ఇచ్చింది. చెల్లె బియ్యం చాటలనే ఉన్నయి. అయ్యగారు పేరు చెప్పమన్నడు. అవ్వ చాట కిందవెట్టింది.

"బతికున్నప్పుడు ఏటేటా ఇచ్చిన అయ్యగారూ. ఇప్పుడు ఉన్నదో పోయిందో ఎరుకలేదు. ఏమని ఇయ్యాలె?"

అయ్యగారు తాత బియ్యం మూటగట్టుకొని లేచిండు. చాటల మిగిలిన చిన్నవ్వ బియ్యం మా ఇంట్ల ఎవ్వలం వండుకోలే.