ఇంజను దేశపు మాట

మా మిల్లు మేస్త్రీ సాబ్ మొన్న శుక్రవారం కోహీర్‌లో జ్వరంతో పోయారు. వాళ్ల తమ్ముడు జహీరాబాద్ దాకా వచ్చి గేటు దగ్గర ఆ కబురు చెబితే, మా సేఠ్ మొదట అన్న మాట, "మరి ఇంజను ఎవరు చూస్తరు?" మేస్త్రీ సాబ్ చేతి కింద పని నేర్చుకున్న నాకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రీ సాబ్ వింటే నవ్వేవారు.

పల్లీ నూనె తీసే మా మిల్లు ఇంజను స్వీడన్ దేశంలో తయారైంది. దాన్ని బిగించడానికి వచ్చిన అక్కడి దొర మూడు నెలలుండి, పోతూ పోతూ మేస్త్రీ సాబ్‌కు ఒకే ఒక్క మాట నేర్పి పోయాడు: లాగోమ్. ఎక్కువా కాదు, తక్కువా కాదు, సరిపడా అని. వాళ్ల దేశంలో నట్టుకైనా, నిద్రకైనా, కూరలో ఉప్పుకైనా అదే మాటట.

ఇక మా మేస్త్రీ సాబ్‌ను పట్టగలమా? హోటల్లో "చక్కెర లాగోమ్". మంగలి దగ్గర "మీసం లాగోమ్". ఒకసారి ఇంట్లో వాళ్ల బేగం గారు పప్పులో ఉప్పు మరిచిపోతే భయానికి "లాగోమ్" అన్నారట. "అయితే రేపు గూడ గిట్లనే వండుత" అన్నదట ఆమె.

"మనకు సరిపడా అన్న మాట లేదా సాబ్?" అని ఒకసారి కోపంగానే అడిగాను.

"ఉన్నది బిడ్డా. నువ్వు జెప్తె సేఠ్ ఇంటడా? ఇంజను దేశపు మాటంటె ఇంటడు."

దొర మాట చాటున దాక్కోవడం నాకు నచ్చలేదు.

నిరుడు బెల్టు తెగి, మొగుడంపల్లి నుంచి వచ్చి నాతో పనిచేసే జోడీదారు చెవి పక్క నుంచి దూసుకుపోయింది. మరునాడే సేఠ్ వచ్చి ఇంజను ఇంకా జోరుగా తిప్పమన్నాడు.

"నువ్వొచ్చి బెల్టు పక్కన నిలబడు, తిప్పుత!" అని పానా ఎత్తి అరిచాను.

"రేపటి సంది పనికి రాకు" అన్నాడు సేఠ్.

మేస్త్రీ సాబ్ నిదానంగా వచ్చి ఇంజను మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. "లాగోమ్, సేఠ్ సాబ్. జర పెంచినా ఖరాబైతది. దీన్ని జేసినోళ్ల మాట."

సేఠ్ తగ్గాడు. "మరి వీడు?"

"వీడు ఒక చుట్టు ఎక్కువ బిగిసిండు సాబ్. నేను వదులు జేస్త."

అందరూ నవ్వారు, సేఠ్‌తో సహా. నాకు నవ్వు రాలేదు. కొలువు మాత్రం నిలిచింది.

నిన్న సేఠ్ మళ్లీ వచ్చాడు. "మేస్త్రీ లేడు గద, జర జోరు పెంచు."

పానా నా చేతిలోనే ఉంది. తిట్లన్నీ నోటి దాకా వచ్చాయి. పానా కింద పెట్టి, ఇంజను మీద అరచెయ్యి ఆనించాను.

"లాగోమ్" అన్నాను.

సేఠ్ నన్ను చూశాడు, ఇంజనును చూశాడు, వెళ్లిపోయాడు.

అప్పుడు కనబడింది. మేస్త్రీ సాబ్ రోజూ చెయ్యి పెట్టిన చోట పచ్చరంగు అరిగిపోయి ఇనుము మెరుస్తోంది. నా అరచెయ్యి అక్కడే పడింది. నా చేతి చుట్టూ ఇంకా వేలెడు మెరుపు మిగిలింది.